కోనసీమ హద్దులు, మన ఊళ్ళ పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ హద్దులనీ, మన ఊళ్ళ పేర్లనీ నిలబెట్టుకునే ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి పెళ్ళి పందిళ్ళలో, పంటు దిగే రేవుల దగ్గర, పంచాయతీ ఆఫీసు వరండాల్లో జనం మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నలివి. కొందరు ఆప్యాయంగా అడిగారు, కొందరు కోపంగా అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పాలని ఇలా రాసి పెట్టాం.

అసలు మీరు అడుగుతున్నదేమిటి?

జిల్లా వేరు, సీమ వేరు. ఈ ఒక్క విషయం ప్రభుత్వ కాగితాల్లోనూ, బడి పాఠాల్లోనూ, మన నోటి మాటలోనూ నిలబడాలని అడుగుతున్నాం. జిల్లా పరిపాలన కోసం గీసుకున్న గీత. కలెక్టరాఫీసు ఎక్కడుంటే జనానికి సుఖమో చూసుకుని దాన్ని మార్చుకోవచ్చు. సీమ అలాంటిది కాదు. కోనసీమను గోదావరి పాయలు గీశాయి. వాటి మధ్య పుట్టి పెరిగినవాళ్ళు వందల ఏళ్ళుగా ఆ పేరుతో పిలుచుకుంటున్నారు. జిల్లా హద్దు మారిన ప్రతిసారీ సీమ హద్దు కూడా మారిపోయినట్టు బోర్డులు, పుస్తకాలు, మ్యాపులు తిరగరాస్తే, రెండు తరాల తర్వాత అసలు కోనసీమ ఏదో చెప్పేవాళ్ళు ఉండరు.

కోనసీమ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి ఇంకో పాయ వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది. గౌతమికీ వశిష్ఠకీ నడుమ, కింద బంగాళాఖాతం దాకా ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. పాత అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం తాలూకాలు చాలావరకు ఇందులోకే వస్తాయి. వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉన్న రాజోలు వైపు నేలను పాత రికార్డుల్లో నగరం దీవి అని రాసేవారు.

ఇది మా ఊహ కాదు. నీటిపారుదల శాఖ లెక్కలు చూడండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట కింద డెల్టాను మూడుగా విడదీశారు. ధవళేశ్వరం నుంచి కాలువలు అందుకునేది తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి అందుకునేది మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి అందుకునేది పశ్చిమ డెల్టా. ఈ మధ్య డెల్టాయే మన కోనసీమ. అప్పట్లో వైనతేయ మీదుగా నగరం దీవికి నీళ్ళు తీసుకెళ్ళడానికి గన్నవరం దగ్గర 49 ఖానాలతో ఆక్విడెక్టు కట్టారు. ఏటిని దాటించి మరీ కాలువ నడిపారంటే, ఏటికి ఇవతలా అవతలా ఉన్నది ఒకే సీమ అని ఆ ఇంజనీర్లకి కూడా తెలిసినట్టేగా.

ఊళ్ళ పేర్లే ఇంకో సాక్ష్యం. వక్కలంక, బండారులంక, ఎదుర్లంక, పుల్లేటికుర్రు, గంగలకుర్రు. లంకలు, కుర్రులు, గరువులు, పర్రలు అన్నీ నీటి మధ్య నేలకి పుట్టిన మాటలే. ఐ.పోలవరంలో ఆ ‘ఐ’ ఏమిటని పిల్లలు అడుగుతుంటారు. అది ఐలాండ్. పైన ఉన్న పోలవరం వేరు, దీవిలో ఉన్న పోలవరం వేరు అని తేడా చెప్పడానికి పెట్టుకున్న అక్షరం అది. మన భూగోళం మన ఊరి ఇంటిపేరులోనే ఉంది.

ఇప్పుడు జిల్లాకే కోనసీమ పేరు పెట్టారు కదా, ఇంకేం కావాలి?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. ఏళ్ళ తరబడి అడిగిన కోరిక తీరినందుకు మేమూ సంతోషించాం, మిఠాయిలు పంచుకున్నాం. కాకినాడ వెళ్ళి రావడానికి ఒక రోజు కూలి పోగొట్టుకున్న ముసలివాళ్ళకి అది చిన్న మేలు కాదు.

కానీ ఆ జిల్లాను లోక్‌సభ నియోజకవర్గం లెక్కన గీశారు. అందుకని గౌతమికి అవతలి ఒడ్డున ఉన్న రామచంద్రపురం, మండపేట కూడా అప్పుడు కోనసీమ జిల్లాలోకి వచ్చాయి. ఆలమూరు కూడా అవతలి ఒడ్డే. ముమ్మిడివరం నియోజకవర్గంలోనే ఉన్నా తాళ్ళరేవు మండలం మాత్రం కాకినాడ జిల్లాకి వెళ్ళింది. పరిపాలనకి అది సరిపోతుందేమో, దాని మీద మాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ మర్నాటి నుంచే ‘కోనసీమలోని ద్రాక్షారామం’ అని రాయడం మొదలైంది. ద్రాక్షారామం కోనసీమలో ఎప్పుడూ లేదు. అది గౌతమి అవతల, రామచంద్రపురం తాలూకాలో, తూర్పు డెల్టాలో ఉన్న మహాక్షేత్రం. ‘కోనసీమ జిల్లాలోని ద్రాక్షారామం’ అని రాస్తే తప్పు లేదు. ‘జిల్లా’ అన్న ఒక్క మాట పోయినందుకు రెండు సీమల చరిత్ర కలగాపులగం అవుతోంది.

అంటే రామచంద్రపురం, మండపేట వాళ్ళు మీకు అక్కర్లేదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మా అక్కచెల్లెళ్ళలో సగం మందిని ఇచ్చింది ఆ ఒడ్డుకే. మేం చెప్పేది సరిగ్గా దీనికి తిరగేసినది: ఆ ఒడ్డుకి తనదైన పేరూ ప్రతిష్ఠా ఉన్నాయి, వాటిని మా పేరు కింద కప్పేయొద్దు. రామచంద్రపురం వాళ్ళు తమకి కాకినాడే దగ్గరని చెప్పుకున్నారు, అది నిజం కూడా. ఏ జిల్లాలో ఉండాలన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన మాట. ఎందులో ఉన్నా వాళ్ళు గౌతమి తూర్పు గట్టువాళ్ళే, మేం పడమటి గట్టువాళ్ళమే.

అంబేద్కర్ గారి పేరు పెట్టడానికి మీరు వ్యతిరేకమా?

కాదు. జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. మేం ప్రతి ఉత్తరంలోనూ ఆ పేరు పూర్తిగా రాస్తాం, మీరూ అలాగే రాయాలని అడుగుతాం. జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్లు, ఆ మంటలు మా జీవితంలో మర్చిపోలేని బాధ. పక్కపక్క పేటల్లో ఉండే కుర్రాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్న రోజులవి. సీమ పేరు చెప్పి ఒక మనిషిని తక్కువ చేసేవాళ్ళెవరికీ ఈ పనిలో చోటు లేదు. కోనసీమ అంటే అగ్రహారాలు, కొబ్బరితోటల ఆసాములే కాదు. కూలీ పేటలు, మత్స్యకారుల పాలేలు, చర్చిలు, దర్గాలు అన్నీ కలిస్తేనే కోనసీమ. ఊరి చరిత్ర రాసేటప్పుడు పేటల పేర్లు వదిలేస్తే అది సగం చరిత్రే, మేం దాన్ని తీసుకోం.

జిల్లాలు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి కదా? ఇప్పుడే ఎందుకీ ఆరాటం?

మారుతూనే ఉన్నాయి, అందుకే ఆరాటం. వరసగా చూడండి.

1859లో పాత రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను సర్దుబాటు చేసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపంతా గోదావరి నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. అంటే భీమవరం ముత్తాతలు ఇరవై ఏళ్ళకు పైగా కాగితాల మీద కృష్ణా జిల్లావాళ్ళు. వాళ్ళు గోదారి నీళ్ళు తాగడం మానలేదు, వాళ్ళ మాట మారలేదు. ఇక్కడ మాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. నరసాపురం తాలూకాను కృష్ణాకి మార్చినప్పుడు నగరం దీవిని మాత్రం గోదావరి జిల్లాలోనే ఉంచారు. వశిష్ఠను హద్దుగా అప్పటి దొరలు కూడా ఒప్పుకున్నారు.

1925లో ఏలూరు కేంద్రంగా కృష్ణా నుంచి పశ్చిమ గోదావరి జిల్లా విడివడింది. పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకి మార్చారు. 2014లో పోలవరం ముంపు మండలాలు కొన్ని తిరిగి ఇటు వచ్చాయి. ఈ మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మా ఉద్దేశంలో ఈ మార్పే మిగతా అన్నిటికన్నా లోతుగా తగిలింది. జిల్లా అంటే దూరపు మాట. తాలూకా అంటే సంత, కోర్టు, సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు, సంబంధాలు. ‘ఏ తాలూకా మీది?’ అని అడిగితే మనిషి సగం తెలిసిపోయేవాడు. ఇప్పటి పిల్లలకి ఆ మాటకి అర్థమే తెలియదు.

ఇక 2022. తూర్పు, పడమర అన్న మాటలకున్న పాత అర్థం అప్పుడు పోయింది. కొవ్వూరు, నిడదవోలు గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న ఊళ్ళు. ఇప్పుడవి తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. తూర్పు గోదావరి అంటే ఒకప్పుడు కాకినాడ రేవు, ఉప్పాడ కెరటాలు, ఓడలరేవు. ఇప్పుడు ఆ పేరున్న జిల్లాకి సముద్రమే లేదు. నాలుగో తరగతి పిల్లాడికి ఇది ఎలా చెప్పాలని ఒక టీచరమ్మ మమ్మల్ని అడిగారు. ‘అమ్మా, రెండు మ్యాపులు గీయించండి. ఒకటి జిల్లాలది, ఒకటి ఏటి పాయలది’ అన్నాం. మేం అడుగుతున్నదంతా ఆ రెండో మ్యాపు గురించే.

యానాం సంగతేమిటి?

యానామే మాకు పెద్ద ధైర్యం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ప్రభుత్వం వేరు, పన్నులు వేరు, ఎమ్మెల్యే కూర్చునే అసెంబ్లీ ఎక్కడో ఉంది. అయినా యానాం మనిషి నోరు విప్పితే గోదారి మాటే, ఇంట్లో వండేది గోదారి పులసే. ‘మీరు గోదారోళ్ళు కాదు’ అని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? పరిపాలన గీత అంత గట్టిగా ఉన్నచోట కూడా సీమ చెరిగిపోలేదు. 2002లో ఎదుర్లంక వారధి తెరిచాక రాకపోకలు ఇంకా దగ్గరయ్యాయి. మన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి పేరే ఆ వంతెనకి పెట్టారు. దాని కోసం తపించిన మనిషి అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో వెళ్ళిపోయారు.

పేరు అన్నం పెడుతుందా?

పెడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మరుసటి ఏడాది నరసాపురం లేసు అల్లికలకి వచ్చింది. ఆ గుర్తింపంతా ఊరి పేరు మీదే నిలబడి ఉంది. ఊరి పేరు, ప్రాంతం హద్దు స్పష్టంగా ఉండబట్టే బియ్యపు రేకు తీసే ఆడవాళ్ళ కష్టానికి చట్టం అండ దొరికింది. అంబాజీపేట కొబ్బరి అంటే దేశంలో ఏ మార్కెట్లోనైనా తెలుస్తుంది. రేపు కొబ్బరికో, ఇంకో పంటకో ఇలాంటి గుర్తింపు అడగాలంటే ‘కోనసీమ అంటే ఏ నేల?’ అన్న ప్రశ్నకి ఒకటే జవాబు ఉండాలి.

2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కి పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. వాళ్ళు ఒక మండలం రైతులుగా నిలబడలేదు, ఒక పార్టీ రైతులుగానూ నిలబడలేదు. ‘కోనసీమ రైతులు’ అన్న మాటతో నిలబడ్డారు. ఆ మాటకి అంత బరువు ఉంది.

ఇంకా చిన్న విషయం, మా ఇంట్లోదే. నాన్న పోయాక పొలం కాగితాలు తీస్తే తాతల నాటి దస్తావేజులో హద్దులు ఇలా ఉన్నాయి: తూర్పు పుంత, దక్షిణం బోదె, పడమర ఏటిగట్టు. సర్వే నంబర్లు మారాయి, మండలం కొత్తది, జిల్లా కొత్తది. ఆఫీసులో కూర్చున్న కుర్ర ఉద్యోగికి పుంత అంటే తెలియలేదు. బండ్లు వెళ్ళే మట్టిదారి అని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఆ పుంత పేరు చెప్పగలిగింది మా వీధిలో ఎనభై దాటిన ముసలాయన ఒక్కరే. ఆయన చెప్పిన పేరుతోనే పాత పటంలో మా పొలం దొరికింది. ఆయన ఇప్పుడు లేరు. ఈ పని మొదలైంది ఆ రోజునే.

పండుగలు, యాస కూడా మీ పనిలో భాగమేనా?

అవి లేకపోతే హద్దు ఉత్త గీతే. కనుమ నాడు జగ్గన్నతోటకి రండి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. పచ్చని చేలు తొక్కుకుంటూ వస్తాయి, ఏ రైతూ అడ్డు చెప్పడు. గంగలకుర్రు ప్రభలు ఎగువ కౌశిక కాలువలో దిగి, మెడలోతు నీళ్ళలోంచి ఈవలికి ఎక్కుతుంటే చూసేవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. ఆ పదకొండు ఊళ్ళని కలిపి ఉంచింది మండలం కాదు, పంచాయతీ కాదు. ఎవరి ప్రభ ఎటు నుంచి రావాలో, ఏ ఊరి దేవుడికి ఏ ఊరివాళ్ళు ఎదురెళ్ళాలో తెలిసిన మనుషులు.

యాస గురించి ఒక్క మాట. ‘ఆయ్’ అంటే నవ్వులాట కింద తీసేయకండి. ఎదుటి మనిషి చిన్నవాడైనా ‘అండీ’ కలిపి పిలిచే మర్యాద అందులో ఉంది. హైదరాబాద్‌లో చదివే మన పిల్లలు దాన్ని దాచుకుంటున్నారని వింటే బాధగా ఉంటుంది.

ఇలాంటి ప్రయత్నం ఇంకెక్కడైనా జరిగిందా?

బ్రిటన్‌లో జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. అక్కడ 1974లో స్థానిక పాలన హద్దులు మార్చారు. రట్లాండ్ అనే బుల్లి కౌంటీ లెస్టర్‌షైర్‌లో కలిసిపోయింది. యార్క్‌షైర్‌ను మూడు భాగాలుగా చూపే పాత రైడింగులు పాలనా పటంలోంచి పోయాయి. జనం ఊరుకోలేదు. ‘మీరు రద్దు చేసింది పాలక మండళ్ళని, మా కౌంటీలని కాదు’ అన్నారు. మరుసటి ఏడాది నుంచే ఆగస్టు 1న యార్క్‌షైర్ దినం జరుపుకోవడం మొదలుపెట్టారు. రట్లాండ్ 1997లో తన పాలన తను తిరిగి తెచ్చుకుంది. వాళ్ళ వాదనలో మాకు నచ్చింది ఈ తేడా: పాలన హద్దు ఒకటి, చరిత్ర హద్దు ఒకటి, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు.

మీ వెనక ఏ పార్టీ ఉంది?

ఏ పార్టీ లేదు. జెండా కట్టుకొచ్చినవాళ్ళని టీ ఇచ్చి పంపించాం.

నేనేం చేయగలను?

ముందు మీ ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. మీ ఊరి పుంతలు, చెరువులు, రేవులు, తోటల పేర్లు రాసుకోండి. ఫోన్లో వాళ్ళ గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది. పాత దస్తావేజులు, శిస్తు రసీదులు ఉంటే ఫొటోలు తీసి భద్రం చేయండి, అమ్మేయకండి.

పెళ్ళి శుభలేఖ మీద ఊరి పేరు పక్కన ‘కోనసీమ’ అని, ఆ కింద మండలం, జిల్లా రాయండి. అవతలి గట్టువాళ్ళు తమ సీమ పేరు రాసుకోవాలి. పంచాయతీలో తీర్మానం చేయించి, ఊరి మొదట్లో పెట్టే బోర్డు మీద పాత తాలూకా పేరు, దగ్గరి ఏటి పాయ పేరు కూడా ఉండాలని అడగండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

జిల్లా హద్దులు మళ్ళీ మార్చే ప్రతిపాదన వస్తే ఊరుకోకండి. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముందు ముసాయిదా ప్రకటన ఇచ్చి, 30 రోజుల్లో జనం అభ్యంతరాలు తీసుకోవాలి. ఆ నెల రోజుల్లో రాతపూర్వకంగా ఇచ్చిన మాటే మాట. తర్వాత రోడ్డెక్కి అరిచినా ఫైలులో ఉండదు. 2022లో చాలామందికి ఆ గడువు సంగతే తెలియక టైమ్ అయిపోయింది. ఈసారి వార్త రాగానే గ్రామసభ పెట్టి, సంతకాలతో, కారణాలతో, మీ ఊరి నుంచి ఆఫీసుకి బస్సులో ఎంతసేపు పడుతుందో కూడా రాసి ఇవ్వండి.

ఏరే హద్దు అంటున్నారు. ఏరు కోసుకుపోయిన లంకల సంగతేమిటి?

ఇది అడిగింది లంక రైతు ఒకాయన. వరద వచ్చిన ప్రతి ఏడాదీ గట్టు విరిగి, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఏట్లో పడిపోతుంటే చూసిన మనిషి. ఎర్రనీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఎకరాలకెకరాలు ఉండవు. అవతలి ఒడ్డున ఇసకమేట లేస్తుంది, అది ఎవరిదన్న తగువు లేస్తుంది. అంతర్వేది వైపు సముద్రమే ముందుకొస్తోంది.

ఏరు నేలను తీసుకెళ్ళొచ్చు, ఆ నేల మీద బతికినవాళ్ళ లెక్క మాత్రం ఉండాలి. పట్టా పుస్తకంలో నంబరు ఉండి నేల మీద లేని లంకలు చాలా ఉన్నాయి. ఆ మనుషులు గట్టు మీద పాకల్లోకో, టౌన్లోకో వచ్చేశారు. వాళ్ళ పిల్లల ఆధార్ మీద వేరే ఊరి పేరు ఉంది. అందుకని మునిగిపోయిన, కోతకి పోయిన లంకల జాబితా ఒకటి తయారు చేస్తున్నాం. ఊరి పేరు, ఏ పాయ మీద ఉండేది, ఏ వరదకి పోయింది, అక్కడ ఎవరి గుడి, ఎవరి చర్చి, ఏ బడి ఉండేవి, ఇప్పుడు ఆ జనం ఎక్కడున్నారు. ఆ రైతు తన లంక పేరు చెప్పి, మా పుస్తకంలో మేం రాసేదాకా పక్కనే నిలబడ్డాడు. అక్షరం తప్పు పోయిందని మళ్ళీ రాయించాడు. మీకు తెలిసినవీ చెప్పండి, రాసుకుంటాం.